నాలుగు పెన్నులు

దామలచెరువు మండీలో నాకిచ్చిన చోటు
రేకుల కింద, కాటాకు అయిదడుగుల దూరం.
బల్ల మీద కంప్యూటర్, దాని నెత్తిన తడిగుడ్డ.
"అదీ మనిషే కదా పాపా, ఎండకు"
అన్నాడు గుమాస్తా ఎత్తిరాజులు.
గుడ్డ తీసి పక్కన పెట్టి పని మొదలుపెట్టాను.

సర్వర్ లోపలి గదిలో, ఖాళీ క్రేట్ల వెనక.
ఇక్కడి బిల్లుకూ అక్కడి లెక్కకూ మధ్య
ఒక గోడ, ఒక తీగ, తీగ మీద ఒక బల్లి.
ఆ రెంటినీ ఏ పద్ధతిలో కలపాలన్నది
తిరుపతి నుంచి వస్తున్న రెండు రోజులూ
బస్సు కిటికీలో నా ఎదురుగా కూర్చుంది.

పొద్దున తలుపు తీస్తూనే కలిపేసి
రాత్రి తాళం పడేదాకా వదలకుండా ఉండొచ్చు.
మొదట అలాగే రాశాను.
పదకొండింటికి కరెంటు పోయింది.
సర్వర్ పడుకుని లేచింది.
నా ప్రోగ్రాం మాత్రం
తెగిన తీగ చివర చెవి ఆనించి
"ఆఁ, చెప్పండి, వింటున్నా" అంటూనే ఉంది.

పోనీ, బిల్లుకొకసారి తలుపు తడదామంటే
ఎవరు నువ్వు, పేరేంది, పాస్‌వర్డేంది,
సరే, చెప్పులు విడిచి లోపలికి రా.
తోతాపురి ట్రాక్టర్లు రోడ్డుదాకా నిలబడ్డ రోజు
బండి బండికీ ఇన్ని మర్యాదలు జరిగితే
కాయ కాటా మీదే పండిపోతుంది.

ఎవరి బల్ల మీద వాళ్ళు లెక్క రాసుకుని
చీకటిపడ్డాక అన్నీ కలుపుకుందామా అన్నాను.
చెంగల్రాయులు నాయుడు పడీపడీ నవ్వాడు.
"అట్లా కలుపుకుందామనుకునే పాపా,
మా అన్నా నేనూ ఏరుపడింది."

మధ్యాహ్నం పనేమీ తోచక
ఎత్తిరాజులు జేబు చూస్తూ కూర్చున్నాను.
నాలుగు పెన్నులు.
ఒకటి తీస్తాడు, మూత లాగి రైతుకిస్తాడు,
సంతకం కాగానే అందుకుని మూత పెట్టి జేబులో దోపుకుంటాడు.
ఈలోగా రెండోవాడికి రెండోది.
కొత్తది కొనడు, ఉన్నది పారేయడు.
రోజుకు మూడు వందల సంతకాలు, నాలుగే పెన్నులు.

ఆ రాత్రి బైరాగిపట్టెడలో, మా మేడ మీద,
నాలుగు కనెక్షన్లు ముందే తెరిచి పెట్టుకున్నాను.
అడిగిన బిల్లుకు ఒకటివ్వడం,
పని కాగానే వెనక్కి తీసుకోవడం.

మూడు రోజులు నడిచింది.
నాలుగో రోజు ఎండ నడినెత్తికి రాగానే
మూడు బల్లలూ ఒకేసారి బిగుసుకుపోయాయి.
లోపలికెళ్ళి చూస్తే
నాలుగూ బయటే ఉన్నాయి,
రాసేవాడు ఒక్కడూ లేడు.

కాటా దగ్గర అరుపులు. "ఇంగెంతసేపు?"
వెతికాను, కాఫీ చల్లారిపోయి తెట్టుకట్టేదాకా.
బిల్లు కొట్టిన ప్రతిచోటా
తెచ్చింది తెచ్చినట్టు తిరిగిచ్చాను.
కొట్టని బిల్లు సంగతే మర్చిపోయాను.

కిలో అయిదున్నర అని విని,
ఒక్క మాటా అనకుండా
లోడు దించకుండానే ట్రాక్టర్ వెనక్కి తిప్పుకున్న గంగులప్ప.
అతని వెనక ఇంకో ముగ్గురు.
పేరు కొట్టి, ఊరు కొట్టి, రేటు దగ్గర
ఎత్తిరాజులు రద్దు మీద నొక్కాడు.
వాళ్ళు చెరువు దాటిపోయి రెండు గంటలైనా
వాళ్ళ పేర పట్టిన గీత మాత్రం లోపల తెరిచే ఉంది,
"చెప్పండి, వింటున్నా" అంటూ.

మండీ మొత్తంలో వాళ్ళ కోసం ఆగింది
అదొక్కటే అనుకుంటా.

బేరం కుదిరినా కుదరకపోయినా మూసేయమని
చివర ఒక చిన్న మాట చేర్చాను.
నాలుగూ వెనక్కొచ్చాయి. బిల్లులు కదిలాయి.
కాటా మీద ఇంకెవరిదో ట్రాక్టర్.

సంగతి చెబితే ఎత్తిరాజులు ఆశ్చర్యపోలేదు.
"కుదరనోడే పాపా, పెన్ను చేతిలోనే పెట్టుకోని పూడ్చేది.
వెనకాల్నించి పిల్చి అడగబుద్ది కాదు."

బస్సెక్కుతూ వెనక్కి చూశాను.
అతని జేబులో మూడే ఉన్నాయి.